గడ్డ కనబడగానే కత్తి పట్టవద్దు

పశువు ఒంటిమీద గడ్డ లేచిందంటే మన పల్లెల్లో సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. కొందరు బ్లేడుతో కోస్తారు, లేదా ఇనుప చువ్వ కాల్చి వాత పెడతారు. మరికొందరు "అదే పగిలిపోతుందిలే" అని వదిలేస్తారు. ఈ రెండూ ఒక్కోసారి పశువు ప్రాణం మీదికి తెస్తాయి. గడ్డ ఎలా పుడుతుందో తెలుసుకుంటే, దేనికి ఆగవచ్చునో, దేనికి ఆ పూటే డాక్టరును పిలవాలో రైతుకు తెలుస్తుంది.

ముల్లు నుంచి చీము దాకా

అనంతపురం జిల్లాలో సాలుకు కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. వాన తప్పిన ఏడు వేరుశనగ కట్టె కరువవుతుంది. అప్పుడు బెళుగుప్ప వంటి మెట్ట ప్రాంతాల్లో ఆవులు, ఎనుములు మేత కోసం వంకల వెంట, బీళ్లలో పెరిగిన సర్కారు తుమ్మలోకి దూరతాయి. ముల్లు గుచ్చుకుని లోపలే విరిగిపోతుంది. పైన కనిపించే గాయం సూది మొనంత. అది రెండు రోజుల్లో పూడిపోతుంది. కాని ముల్లుతోపాటు లోపలికి చేరిన సూక్ష్మజీవులు అక్కడే ఉంటాయి. కంచె తీగ గీరినా, మరో పశువు కొమ్ముతో పొడిచినా, కాడి ఒరిసినా, శుభ్రం చేయని సూదితో ఇంజెక్షను వేసినా ఇదే జరుగుతుంది.

చీములోని ఈ సూక్ష్మజీవులను 1880 ప్రాంతంలో స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ సూక్ష్మదర్శినిలో చూశాడు. కొన్ని ద్రాక్షగుత్తుల్లా కనిపించడం వల్ల వాటికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. 1882లో రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సినాలో సముద్ర నక్షత్రం అనే జీవి పిల్లల ఒంట్లో ముల్లు గుచ్చి చూశాడు. మరునాటికి ఆ ముల్లు చుట్టూ ఒంట్లోని కణాలు మూగి ఉన్నాయి. శరీరం తనను తాను ఎలా కాపాడుకుంటుందో కనుగొన్నందుకు ఆయనకు 1908లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మన ఆవు ఒంట్లో జరిగేదీ అదే. నెత్తురులోని తెల్లకణాలు ముల్లు చుట్టూ చేరి సూక్ష్మజీవులతో పోరాడతాయి. చచ్చిన కణాలు, చచ్చిన సూక్ష్మజీవులు, కరిగిన కండ కలిసి చీము అవుతుంది. అది ఒళ్లంతా పాకకుండా శరీరం చుట్టూ గట్టి తిత్తి కడుతుంది. ఆ తిత్తి పశువుకు రక్షణే. కాని మందుకు మాత్రం అది గోడ. నెత్తురు ద్వారా వచ్చే మందు చీము మధ్యకు సరిగా చేరదు. అందువల్లనే చీము నిండిన గడ్డకు ఎన్ని ఇంజెక్షన్లు వేయించినా, చీము బయటికి పోనిదే తగ్గదు.

పచ్చి గడ్డ, పండిన గడ్డ

మొదట గడ్డ గట్టిగా, వేడిగా ఉంటుంది. తాకితే పశువు బెదురుతుంది. ఇది పచ్చి గడ్డ. దీన్ని కోస్తే చీము రాదు, నెత్తురు వస్తుంది. సూక్ష్మజీవులు చుట్టుపక్కల కండలోకి పాకుతాయి. ఈ దశలో గోరువెచ్చని ఉప్పు నీటిలో ముంచిన గుడ్డతో రోజుకు రెండు మూడుసార్లు కాపడం పెట్టవచ్చు. చేయి ఓర్చుకోగల వేడి చాలు. పిసకకూడదు. జిల్లేడు పాలు, సున్నం, పాత ఇంజను ఆయిలు పూయకూడదు.

కొద్ది రోజులకు గడ్డ నడుమ మెత్తబడుతుంది. వెంట్రుకలు రాలి, చర్మం పలచబడుతుంది. ఒక వైపు నొక్కితే రెండో వైపు కదులుతుంది. అదే పండిన గడ్డ. డాక్టరు ముందు సూదితో లాగి చీమేనని తేల్చుకుంటారు. తర్వాత చీము దానంతటదే కారిపోయేలా అడుగు భాగాన కోసి, లోపల కడిగి, అయోడిన్ మందులో తడిపిన గుడ్డ పెడతారు. గాయం లోపలి నుంచి పైకి మానాలి. పైన త్వరగా పూడితే లోపల మళ్లీ చీము పడుతుంది. కనుక డాక్టరు చెప్పినన్ని రోజులు కట్టు మార్పించాలి. ఈగలు వాలితే పురుగులు పడతాయి కాబట్టి గాయం చుట్టూ వేపనూనె రాయాలి. తీసిన చీమును, గుడ్డలను కొట్టంలో పారేయక గుంతలో పూడ్చాలి.

గడ్డలా కనిపించేవి

కొమ్ము పోటు తగిలిన కొద్ది గంటల్లోనే మెత్తగా లేచిన వాపులో నెత్తురు ఉండవచ్చు. దాన్ని వెంటనే కోస్తే నెత్తురు ఆగదు. దూడ బొడ్డు దగ్గర ఉబ్బు నొక్కితే లోపలికి పోతూ ఉంటే అది పేగు దిగిన వాపు. అక్కడ బ్లేడు పెడితే దూడ దక్కదు. దవడ ఎముకకే అంటుకుని రాయిలా ఉన్న వాపు వేరే జబ్బు. ఒంటినిండా గుండ్రని గడ్డలు, జ్వరం కనిపిస్తే ముద్దచర్మ వ్యాధి కావచ్చు. అది మన దేశంలో 2019లో బయటపడింది. అటువంటి పశువును వెంటనే వేరుగా కట్టాలి.

ఆ పూటే డాక్టరును పిలవాలి

తొడ లేక జబ్బ మీద వాపు వచ్చి పశువు కుంటుతూ, వాపును నొక్కితే గరగరమని శబ్దం వస్తే అది జబ్బవాపు. బాగా మేసి ఏపుగా ఉన్న పడ్డలకు, ఆరు నెలల నుంచి రెండేళ్ల దూడలకు ఎక్కువగా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. గొంతు కింద వాపు, గురక, చొంగ, తీవ్రమైన జ్వరం ఉంటే అది గొంతువాపు. ఇది ఎనుములకు మరీ ప్రమాదం. ఈ రెండింటిలో ఒక్క పూట ఆలస్యం కూడా పనికిరాదు.

ఇవి కాక, జ్వరం 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, మేత నెమరు మానినా, గడ్డ గంటగంటకూ పెరుగుతున్నా, పొదుగు మీద గాని కంటి దగ్గర గాని మెడ నరం మీద గాని గడ్డ ఉన్నా, దూడ బొడ్డు నుంచి చీము కారుతున్నా ఆగవద్దు. పాము కాటు అనుమానం ఉన్నా అంతే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ లభిస్తుంది. దగ్గరలో పశువైద్యశాల ఉంటే అక్కడికే తీసుకుపోవడం మేలు.

నొప్పి తగ్గడానికని మనుషుల మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని వేయవద్దు. ఆ మందు ఎక్కిన పశువు కళేబరం తిని రాబందులు చచ్చిపోవడం వల్ల, పశువులకు దాని వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు.

పాల విషయం

యాంటీబయోటిక్ వేసిన ఆవు పాలు, డాక్టరు చెప్పినన్ని రోజులు సంఘానికి పోయకూడదు. ఆ రెండు మూడు లీటర్లు క్యానులో కలిస్తే మిగతా సభ్యుల పాలు కూడా చెడతాయి. మందు కలిసిన పాలు సరిగా తోడుకోవు, తాగే పిల్లలకూ మంచివి కావు. కొద్ది రోజుల పాల డబ్బు పోతుందని దాచిపెడితే ఊరందరి పాలకూ చెడ్డపేరు వస్తుంది. గడ్డ పచ్చిగా ఉన్నప్పుడే చూపిస్తే మందు తక్కువ పడుతుంది, నష్టమూ తగ్గుతుంది.

సాయంత్రం పశువు ఇంటికి రాగానే మెడ, జబ్బలు, గిట్టల సందులు చేత్తో తడిమి చూడాలి. ముల్లు ఉంటే అప్పుడే తీసి అయోడిన్ రాయాలి. జబ్బవాపు, గొంతువాపు టీకాలు ఏటా తొలకరికి ముందే వేయించాలి. పుట్టిన దూడ బొడ్డుకు అయోడిన్ పూయాలి. సంఘ కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.