మస్జిదు వెనుక ఉమ్మడి తోట



మన మస్జిదు వెనుక ఉన్న స్థలాన్ని మనమంతా తోట అని పిలుస్తాము. అందులో ఏమున్నదని ఎవరైనా అడిగితే మామిడిచెట్టు అంటాము. ఆపైన మాట సాగదు. గత నెలలో వుజూ హౌజు పక్కనున్న ముళ్ళచెట్టును కొట్టివేయాలని కమిటీ తలచినప్పుడు నేనూ సరేనన్నాను. గొడ్డలి తెచ్చిన రోజున మన జమాఅత్ పెద్దలొకరు అడ్డుపడ్డారు. అది రేగుచెట్టనీ, మయ్యిత్ గుస్ల్ కోసం దాని ఆకును ఎన్నో ఏళ్లుగా తానే కోసి పంపుతున్నాననీ చెప్పారు. దైవప్రవక్త (స) తమ కుమార్తె మరణించినప్పుడు సిద్ర్ ఆకు కలిపిన నీటితో స్నానం చేయించమని ఆదేశించిన సంగతిని ఈ మింబర్ మీద నుండే నేను పలుమార్లు వివరించాను. ఆ సిద్ర్ జాతికి చెందినదే మన రేగు. అది మన గోడవారనే ఉన్నదని మాత్రం ఎరుగను.

ఆ సాయంత్రం అస్ర్ నమాజు తరువాత ఆ పెద్దాయనను ముందుంచుకొని, మదరసా పిల్లలతో కలిసి తోటంతా తిరిగాను. గోరింట కంచె, రెండు దానిమ్మలు, మునగ అందరికీ తెలిసినవే. పిల్లలు కలుపు అనుకొని పీకబోయిన మొక్క రుద్రజడ. రంజాన్‌లో ఇఫ్తార్ షర్బత్‌లో మనం వేసుకొనే సబ్జా గింజలు దానివే. అరబ్బులు రైహాన్ అని పిలిచే సువాసన మొక్క కూడా అదే. మూలనున్న అంజీరకు పువ్వు ఎందుకు పూయదని ఒక పిల్లవాడు అడిగాడు. పెద్దాయన ఒక కాయను కోసి చూపారు. మేడిపండులో వలెనే దాని పువ్వులన్నీ లోపలే ఉన్నాయి. మూడు బొప్పాయిలలో ఒకటి ఏనాడూ కాయలేదట, అది మగచెట్టు. ఖర్జూరంలోనూ అంతే. అందుకే మదీనా రైతులు మగచెట్టు పుప్పొడిని ఆడచెట్ల గెలలకు చేతితో అందించేవారు.

ఇన్ని మొక్కలకూ పారేది ఒకే బావి నీరు. పక్కపక్కనే ఉన్న మడులకు ఒకే నీరు అందినా వాటి పండ్ల రుచులు వేరువేరుగా ఉండటంలో వివేకవంతులకు నిదర్శనాలున్నాయని దివ్య ఖుర్ఆన్ రఅద్ సూరా 4వ ఆయతు తెలుపుతున్నది. అన్ఆమ్ సూరా 141వ ఆయతు పందిరి తీగల తోటలను, ఖర్జూరాన్ని, జైతూనును, దానిమ్మను పేర్కొన్న పిదప, కోతనాడే వాటి హక్కును చెల్లించమని, వృథా చేయవద్దని ఆజ్ఞాపిస్తున్నది. తోటలో ఏమున్నదో, ఏది ఎప్పుడు కాస్తుందో తెలియనివాడు ఆ కోతనాటిని ఎలా గుర్తిస్తాడు? నిరుడు మన దానిమ్మలు చెట్టుననే పగిలి చీమల పాలయ్యాయి. మన వీధిలోనే జ్వరంతో మంచాన పడినవారు ఉన్నారు.

మరి ఈ పండు ఎవరిది? హజ్రత్ ఉమర్ (రజి) తమకు లభించిన ఖైబర్ భూమిని వక్ఫ్ చేసినప్పుడు, దానిని అమ్మరాదని, దానం చేయరాదని, వారసత్వంగా పంచరాదని షరతు పెట్టారు. ఫలసాయం పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు చెందాలన్నారు. నిర్వాహకుడు మాత్రం న్యాయమైన మేరకు తినవచ్చు, కూడబెట్టుకోరాదు. కనుక చెట్టుకు నీరు పోసే మన ముఅజ్జిన్ గారు రెండు జామకాయలు కోసుకుంటే గుసగుసలాడటం తగదు. సంచి నింపుకొనిపోయే మాట వేరు, అది ఎవరైనా సరే. మస్జిదు కోసం నాటిన చెట్టు ఫలసాయాన్ని అమ్మి మస్జిదుకే వెచ్చించాలని, అందరూ తినాలనే నియ్యత్‌తో నాటినదైతే అందరూ తినవచ్చునని హనఫీ ధర్మవేత్తలు వివరించారు. మన చెట్లలో ఏది ఏ నియ్యత్‌తో నాటబడిందో పెద్దాయనకు కొంత గుర్తున్నది. ఆయన వయసు ఎనభై దాటింది. అందుకే ఆ వివరాలను పిల్లలచేత ఒక పుస్తకంలో వ్రాయిస్తున్నాను.

ఇక మామిడి సంగతి. మన ప్రాంతంలో తోటలను పూత మీదే అమ్మడం వాడుక. ఏటా మన కమిటీ కూడా అదే చేస్తున్నది. పండు పక్వానికి వచ్చే గుర్తులు కనిపించేవరకు అమ్మకాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని సహీహ్ బుఖారీ, ముస్లింలలో ఉన్నది. కారణమూ ఆయనే తెలిపారు: అల్లాహ్ ఆ ఫలాన్ని ఆపివేస్తే, అమ్మినవాడు తన సోదరుని సొమ్మును ఏ హక్కుతో తీసుకుంటాడు? గాలివాన వచ్చి పిందె అంతా రాలిన ఏడాది, చెట్టు పాడుకొన్న సోదరుడు మనకు పూర్తి సొమ్ము కట్టాడు. ఆ డబ్బుతో మనం చాపలు కొన్నాము. ఆయన నేటికీ వెనుక వరుసలో నమాజు చేస్తున్నారు; ఏనాడూ అడగలేదు. పచ్చడికి కాయలను అప్పటికప్పుడే కోసుకొనే ఒప్పందమైతే అది వేరు, ధర్మవేత్తలు దానిని అనుమతించారు.

ఈ ఏడాది పూత బాగా వచ్చింది. వేలం ఎప్పుడని ఇప్పటికే ఇద్దరు అడిగారు. కాయ రంగు తిరిగే వరకు వేలం ఉండదని కమిటీ తరఫున తెలియజేస్తున్నాను. ఆ సోదరునికి తిరిగి ఇవ్వవలసిన మొత్తం గురించి నేటి నమాజు తరువాత హౌజు వద్ద, రేగుచెట్టు నీడలో సమావేశమవుదాము.