బీఎస్సీలో మార్కులు తక్కువొస్తే ఎమ్మెస్సీ మాటేటి?

‘అన్నా, బీజెడ్సీలో మార్కులు తక్కువొచ్చాయి. ఎమ్మెస్సీ సీటొస్తాదేటి?’ అరకు, పాడేరు పిల్లలు నన్నడిగేది ఇదే. ఎందుకు రాదు! 2021 నుంచి ఆంధ్రా యూనివర్సిటీ లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీటు ఏపీ పీజీసెట్ ర్యాంకు మీదే. డిగ్రీ మార్కులు అర్హత వరకే. ఆ అర్హత ఎంతో ముందు నోటిఫికేషన్‌లో చూసుకోండి. బ్యాక్‌లాగ్ ఉంటే బేగి రాసీండి, డిగ్రీ పాసవకపోతే ర్యాంకొచ్చినా సీటివ్వరు. కొండమీద మొక్కలు మీకు తెలిసినవే, వాటి లాటిన్ పేర్లే కొత్త.

అసలు భయపడాల్సింది ఎమ్మెస్సీ మార్కులకి. రీసెర్చికి ఫెలోషిప్ ఇచ్చే సీఎస్ఐఆర్ నెట్‌కి జనరల్ వాళ్లకి 55 శాతం కావాలి, ఎస్టీలకి 50. అక్కడ 49 దగ్గర ఆగిపోతే ఏ ర్యాంకూ ఆదుకోదు. అందుకే సీటొచ్చాక మొదటి సెమిస్టర్ నుంచే 60 మీద కన్నెయ్యండి.