కాకతీయుల తొలి పూర్వికులు: శాసనాల సాక్ష్యము

ఒక వంశము రాజ్యానికి వచ్చిన తరువాత దాని పూర్వికుల కథ కూడ పెరుగుతుంది. కాకతీయుల శాసనాలను కాలక్రమంలో చదివితే ఈ సంగతి మనకు తేటపడుతుంది.

వీరి పూర్వికులను గూర్చిన ముఖ్యమైన తొలి ఆధారము క్రీ.శ. 956 నాటి మాగల్లు శాసనము. వేంగి చాళుక్య రాజైన దానార్ణవుడు ఇచ్చిన ఈ దానపత్రము కాకర్త్య గుండ్యనను, అతని తండ్రి బేతియను, తాత ఎరియ రాష్ట్రకూటుని, ముత్తాత గుండియ రాష్ట్రకూటుని పేర్కొంటుంది. 'రాష్ట్రకూట' అనే మాట ఆ చక్రవర్తుల కొలువును సూచిస్తుందని కొందరు, గ్రామసీమల అధికారి పదవియని మరికొందరు అంటారు. ఎట్లయినను వీరు ఇతరుల క్రింద సేవచేసినవారే.

13వ శతాబ్దములో గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనము దుర్జయ కులంలో పుట్టిన వెన్నతో ఆరంభమవుతుంది. తరువాతి ముగ్గురు గుండలను ముగ్గురు రాములతో పోల్చుతుంది. 1261 నాటి మల్కాపురం శాసనము వీరిని సూర్యవంశానికి చేర్చింది. గణపతిదేవుని సేనాని మల్యాల గుండయ బూదపూరు శాసనమైతే వీరిని చతుర్థ కులజులన్నది.

గుండ, ఎర్ర, బేత అనే పేర్లు మాగల్లులోను బయ్యారంలోను కనబడుతున్నవి. కనుక అవి నమ్మదగినవి. పోలికలు, సూర్యవంశము 13వ శతాబ్దపు ఆస్థాన గౌరవాన్ని తెలుపుతాయి.

కాకతీయులు మావారేనని నేడు పలువురు వాదిస్తున్నారు. ప్రతివారికి ఏదో ఒక శాసనము దొరుకుతుంది. కావున శాసనము ఏమి చెప్పుచున్నదని మాత్రమే కాక, ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేయించారని కూడ మనము అడుగవలెను.