పాల వ్యాను మొరాయిస్తే ముందు వైరు చూడండి

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామాలలో ఉదయం పాలు పోయించుకొని క్యాన్లకు మూతలు బిగించిన తరువాత సంఘానికి మిగిలేది వేళ ఒక్కటే. ఎండాకాలంలో చల్లబరచని పాలు కొద్ది గంటలలోనే పులుపు పట్టును. శీతల కేంద్రంలో మరిగించి చూచినప్పుడు విరిగిన క్యాను వెనుకకు వచ్చును; ఆ నష్టం సంఘానిది, అంటే సభ్యులది. కనుక వ్యాను దారిలో నిలిచిపోవడం డ్రైవరు ఒక్కడి తలనొప్పి కాదు.

మేము తనిఖీలో రిపేరు ఓచర్లు చూచునప్పుడు ఒక సంగతి తరచు కనబడుచున్నది. ఒక నెలలో ఇంజెక్టర్లు మార్చినట్లు బిల్లు, మరుసటి నెలలో అదే వ్యానుకు అదే రోగమని ఇంకొక బిల్లు. చెడినది ఇంజెక్టరు కాదు, దానికి వచ్చే వైరు. అధ్యక్షులు, కార్యదర్శులు ఈ విషయం కొంత తెలిసికొని ఉంటే మెకానిక్కును అడగవలసిన ప్రశ్న అడగగలరు.

పూర్వపు పెట్రోలు బండ్లకు కార్బురేటరు ఉండేది. ఇప్పటి వాటికి సాధారణంగా సిలిండరుకొక ఇంజెక్టరు ఉంటుంది: పెట్రోలు ఏస్‌కు రెండు, చివరి కాలపు ఓమ్నీకి మూడు, పాత ఇంజను ఈకోకు నాలుగు. లోపల ఒక తీగచుట్ట ఉన్నది. దానిలో కరెంటు పారినప్పుడు సూది లేచి, సెకనులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే పెట్రోలు చిమ్మును. దానికి రెండు వైర్లు. ఒకదానికి బ్యాటరీ నుండి ఫ్యూజు, రిలేల ద్వారా 12 వోల్టులు వచ్చును. రెండవది కంప్యూటరు పెట్టెకు పోవును. ఆ పెట్టె కరెంటు పంపదు. రెండవ వైరును భూమికి, అనగా బాడీ ఎర్తుకు, కలిపి విడిచిపెట్టును. సాగర్ ఎడమ కాలువలో నీరు నిండుగా ఉన్నా తూము తలుపు ఎత్తనిదే చేలోకి రాదు గదా! పెట్టె పని ఆ తలుపు ఎత్తడమే.

బండి అసలు స్టార్టు కాకుంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి చూడవలెను: బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజు, రిలే, ఎర్తు వైరు, క్రాంకు సెన్సారు. స్టార్టయి వణుకుతూ నడిస్తే ఒక సిలిండరు పని చేయడం లేదన్నమాట. పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఒక్కొక్క ఇంజెక్టరుపై ఆనించి పిడి వద్ద చెవి పెడితే టిక్ టిక్ మని వినబడును. వినబడనిది ఏదో దాని సంగతి చూడండి.

తాళం ఆపి కనెక్టరు ఊడదీయవలెను. ఇంజెక్టరు రెండు పిన్నుల మధ్య మీటరు పెడితే పెట్రోలు బండ్లలో సాధారణంగా 12 నుండి 16 ఓములు చూపును. ఏమీ చూపకపోతే ఇంజెక్టరే పోయినది. ఓములు సరిగా ఉంటే కనెక్టరు వైపు రండి. ఇంజెక్టరు లైటు అని చిన్న పరీక్ష దీపం దొరుకుతుంది. దానిని కనెక్టరుకు గుచ్చి సెల్ఫు కొట్టించండి. మినుకు మినుకు మంటే పెట్టె, వైర్లు రెండూ మంచివే. నిలకడగా వెలిగితే రెండవ వైరు ఎక్కడో బాడీకి తగులుచున్నది; ఇంజెక్టరు తెరచుకొనే ఉండి పెట్రోలు పొంగిపోవును, ఇక సెల్ఫు కొట్టరాదు. వెలగకుంటే మొదటి వైరులో 12 వోల్టులు ఉన్నవో లేవో చూడండి. కొన్ని బండ్లలో తాళం తిప్పిన రెండు మూడు సెకనులే ఆ కరెంటు ఉండును గనుక సెల్ఫు కొట్టుచుండగానే చూడవలెను. అది ఉండీ దీపం వెలగకపోతే రెండవ వైరు తెగినది, లేదా పెట్టె పని చేయడం లేదు.

ఇక్కడ మీటరు కూడా మోసగించును. లోపల ఒక్క పోగు మాత్రమే మిగిలిన వైరు కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులే చూపును. మొదటి వైరుకు, ఎర్తుకు మధ్య ఇండికేటరు బల్బు తగిలించి వెలుగు చూడండి. మసకగా ఉంటే ఆ దారిలోనే లోపం. ఈ బల్బును కంప్యూటరు పెట్టె వైపు వైరుకు ఎన్నడూ తగిలించరాదు.

వైర్లు తెగే చోట్లు మాకు దాదాపు కంఠతా వచ్చినవి. దాణా గోదాము పక్కన నిలిపే వ్యానుకు ఎలుకలే మొదటి శత్రువు. రోజూ పైపుతో కడుగుట వల్ల కనెక్టరులోకి నీరు దిగి పచ్చని చిలుము పట్టును. 2023 జూలైలో ఐతవరం వద్ద మునేరు నీరు హైవే మీదికి వచ్చినది. అటువంటి నీటిలో నిలిచిన బండికి ఆ చిలుము అప్పుడే కాక కొన్ని వారాల తరువాత బయటపడుతుంది.

తెగిన వైరును మెలిపెట్టి టేపు చుడితే ఇంజను అదురుకు నిలవదు. టంకం పెట్టి, వేడికి బిగిసే గొట్టం తొడిగించండి. పరీక్ష కొరకు వైరు తొడుగును సూదితో పొడవనీయకండి, ఆ రంధ్రం గుండా నీరు దిగును. పెద్ద ఫ్యూజు వేయుట బండికి నిప్పు పెట్టుటయే. పెట్రోలు వాసన వస్తే పని ఆపవలెను. కామన్ రైలు డీజిలు బండ్ల ఇంజెక్టర్లకు బ్యాటరీని మించిన వోల్టేజి పోవును. వాటి జోలికి పోక వర్క్‌షాపుకు అప్పగించండి.

ఇకపై రిపేరు బిల్లు మీద ఏ సిలిండరు, ఎన్ని ఓములు, ఎన్ని వోల్టులు అన్నది మెకానిక్కు చేత వ్రాయించి, తీసిన పాత సామాను సంఘానికి తెప్పించండి. ఇవి లేని ఓచరుకు మేము వివరణ అడుగుదుము. వ్యానులో ఒక మీటరు, పరీక్ష దీపం, అదనపు ఫ్యూజులు, ఒక రిలే ఉంచుటకు కమిటీ తీర్మానం చేయవచ్చును. బండి కదలనప్పుడు పరీక్షలు తరువాత. ముందు పొరుగు సంఘం వ్యానుకు ఫోను చేసి క్యాన్లు ఎక్కించండి.