పాత పికప్పు బండి, ఇంటి మరమ్మతులు

కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారికి పికప్పు బండిని గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఒకప్పుడు జత ఎద్దులు చేసిన చాకిరి అంతా ఇప్పుడు అది చేస్తున్నది. తెల్లవారుజామున టమాటా పెట్టెలు మార్కెట్టుకు, మధ్యాహ్నం ఎరువు బస్తాలు తోటకు, ముహూర్తాల రోజుల్లో పెళ్ళివారి సామాను. 1988లో టెల్కో వారు టాటామొబైలు పికప్పును తెచ్చేనాటికే మహీంద్రా వారు జీపుల పనిలో నాలుగు దశాబ్దాలు గడిపివున్నారు. మన పల్లెల్లో తిరిగే పాత బండ్లు చాలావరకు ఈ రెండు వంశాలకు చెందినవే. 2005లో టాటా ఏస్ వచ్చి ఇంకా చిన్న రైతులకు కూడ బండిని అందుబాటులోకి తెచ్చింది.

కొత్త బండి కొనగలిగితే ఎవరు వద్దంటారు? కొనలేనివారు పాతదానిని బాగుచేసుకుంటూ నెట్టుకు వస్తారు. మా అన్నగారి తోటకు అలా చేతులు మారి వచ్చిన పికప్పు ఒకటి వున్నది. అది ఏ కంపెనీదో చెప్పి ఒకరిని పొగడటమో తెగడటమో ఇక్కడ అవసరం లేదు. డీజిలు ఇంజను, పాతకాలపు మెకానికల్ పంపు, వెనుక కమాను కట్టలు, అంతే సంగతి. ఆదివారం వచ్చిందంటే దాని కింద దూరటం మా ఇంట పిల్లలకు అలవాటు. గ్రీజు పెట్టటంలో మా అన్నగారి అమ్మాయి చెయ్యి, ఆమె అన్న చేతికంటె నిదానం.

ఇన్నేండ్ల అనుభవంలో మాకు తేలినది ఒకటి. బండిని తయారు చేసినవారు ఎట్లా చేశారో అట్లా నిలబెట్టే పని మరమ్మతు. వారు చెయ్యని బండిగా దానిని మార్చే పని వేరు. మొదటిది ఇంట్లో ఎంతైనా నేర్చుకోవచ్చును. రెండవదాని దగ్గర చెయ్యి ఆపి ఆలోచించాలి.

ముందు గ్రీజు సంగతి. కమాను కట్టల షాకిళ్ళకు, ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులకు చిన్న చిన్న నిప్పిళ్ళు వుంటాయి. గ్రీజు గన్ను పెట్టేముందు నిప్పిలును గుడ్డతో తుడవాలి. లేకపోతే గ్రీజుతోపాటు దుమ్మును కూడ మనమే లోపలికి ఎక్కించిన వారమవుతాము. నల్లటి పాత గ్రీజు బయటికి వచ్చి, కొత్తది అంచున కనిపించేదాకా కొట్టాలి. బండి కదిలేటప్పుడు కింద 'టక్కు'మని చప్పుడైతే క్రాసు ఎండిపోయిందేమో, అరిగిపోయిందేమో చూడాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక గ్రీజు డబ్బా. అశ్రద్ధ చేస్తే అయ్యే ఖర్చు షాఫ్టు.

టమాటా తోలే బండికి ప్రత్యేకమైన జబ్బు ఒకటున్నది. నలిగిన కాయల రసం పులుపు. అది పెట్టెల సందులలోంచి కారి బాడీ మూలల్లో నిలుస్తుంది. రేకు మీది రంగు పగిలినచోట తుప్పు పట్టిందంటే నెలల్లో పాకుతుంది. నీళ్ళు పోవటానికి మూలల్లో కంతలు వున్నాయి గాని, గడ్డి, మట్టి పడి అవి మూసుకుపోతాయి. సరుకు దించిన వెంటనే నీళ్ళు కొట్టి, ఇనుప తీగతో ఆ కంతలు పొడిచి తెరవటం మా ఇంటి నియమం. రబ్బరు చాప పరచేవారు దానిని ఎత్తి ఎండబెట్టాలి. చాప కింద తడి దాగితే పైకి కనబడదు. తుప్పు కనబడితే తీగ బ్రష్షుతో మెరిసేదాకా గీకి, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన తరువాత రెండు చేతులు ఎనామెలు వేస్తే చాలు. రేకు చిల్లిపడితే అతుకు వేయించవచ్చును. వెల్డింగు చేసేముందు బ్యాటరీ తీగలు ఊడదియ్యాలి, ఎర్తు బిగింపు అతుకు దగ్గరే పెట్టించాలి, డీజిలు టాంకి ఎంత దూరంలో వున్నదో చూసుకోవాలి. ఛాసిస్ పట్టాల మీద మాత్రం వీధి వెల్డింగు వద్దు.

డీజిలు అయిపోయి దారిలో ఆగిన బండిలో మళ్ళీ డీజిలు పోసినంత మాత్రాన అది కదలదు. గొట్టాలలో గాలి చేరివుంటుంది. పాత మెకానికల్ పంపు బండ్లలో ఫిల్టరు మీది గాలి మరను కొద్దిగా వదులుచేసి చేతిపంపు కొడుతూవుంటే, మొదట నురుగు, తరువాత బుడగలు, చివరకు బుడగ లేని డీజిలు వస్తుంది. అప్పుడు మర బిగించాలి. ఇది ఇంటివారెవరైనా చేయగలిగిన పనే. అయితే ఈ విద్య చూసుకుని కొత్త తరహా కామన్ రైల్ ఇంజను దగ్గరికి వెళ్ళరాదు. దాని గొట్టాలలో డీజిలు ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజను తిరుగుతుండగా నట్టు వదులుచేస్తే ఆ సన్నని ధార చర్మంలోకి దూరిపోగలదు. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా, ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పరుగెత్తవలసిన ప్రమాదం అది.

దీపాల విషయంలో మేము ఒక చిన్న మార్పు చేశాము. పాత బండ్లలో ముందు దీపాలకు వెళ్ళే కరెంటు అంతా స్విచ్చిలోంచి, సన్నని తీగలలోంచి వెళుతుంది. 55 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు. తీగలు ముసలివైతే బ్యాటరీ దగ్గర వున్న వోల్టేజి బల్బు దగ్గరికి చేరదు. బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా లావు తీగ లాగి, మధ్యన రిలే పెట్టి, పాత స్విచ్చికి రిలేను కదిలించే పని మాత్రమే మిగిల్చాము. బల్బులు మార్చలేదు. మినుకుమినుకుమనే దీపాలు తేరుకున్నాయి. ఇట్లా కాక 100 వాట్ల బల్బులు తెచ్చి బిగించేవారున్నారు. వాటి వేడికి హోల్డర్లు కరుగుతాయి, ఎదురు వచ్చేవాడి కండ్లు చీకట్లు కమ్ముతాయి.

ఇంకొక్క మాట. జాకీ బండిని ఎత్తటానికేగాని నిలపటానికి కాదు. చక్రాలకు అడ్డు పెట్టి, ఇనుప స్టాండు మీద బరువు దింపిన తరువాతనే ఎవరైనా కింద దూరాలి. సిమెంటు ఇటుకలు పేర్చి దూరేవారిని మేము మా వాకిట్లో పని చెయ్యనివ్వము.

ఇక అసలు సంగతి, కమాను పట్టీలది. పోయిన సీజనులో మా అన్న కొడుకు, "చిన్నాయనా, కట్టకు రెండేసి పట్టీలు ఎక్కువ వేయిస్తే నలభై పెట్టెలు ఎక్కువ పడతాయి. మార్కెట్టుకు వచ్చే బండ్లలో సగం అట్లా చేసినవే" అన్నాడు. వాడి లెక్క తప్పు కాదు. కోలారు మార్కెట్టులో టమాటా పెట్టె 15 కిలోలు. పెట్టె బరువు కూడ కలిపి 17 అనుకుంటే, 1200 కిలోలు మోయదగిన బండికి 70 పెట్టెలు. నలభై పెంచితే 110 పెట్టెలు, అంటే 1870 కిలోలు. ధర పడిపోయిన రోజున పెట్టెకు మిగిలేది బాడుగ ఖర్చులోనే కరిగిపోతుంది గనుక, ఒకే ట్రిప్పులో అన్నీ వేసుకుపోవాలనే ఆశ రైతుకు సహజం. ఆ ఇంట్లో పిల్లల ఫీజులు, కూలీల బట్వాడా అన్నీ ఆ పెట్టెల మీదనే. కాబట్టి వాడిని గద్దించి పంపటం న్యాయం కాదు.

మా మేస్త్రీని పిలిపించాము. ఆయన కింద పడుకుని టార్చి వేసి చూసి, వెంటనే లేవలేదు. తరువాత మమ్మల్ని కూడ పడుకోమని ఒక చిన్న కడ్డీని చూపించాడు. ఇరుసుకు, ఛాసిస్ మీది ఒక వాల్వుకు మధ్య అది వుంటుంది. మన పాఠకులలో చాలామంది దీనిని చూసివుండరు గనుక కొంచెం వివరిస్తాము.

పికప్పుకు వెనుక బరువు ఎప్పుడూ ఒక్క తీరుగా వుండదు. ఖాళీగా వున్నప్పుడు వెనుక చక్రాలు తేలిక. అప్పుడు గట్టిగా బ్రేకు పడితే అవి బిగుసుకుపోయి, బండి తోక పక్కకు తిరుగుతుంది. బరువుతో వున్నప్పుడు ఆ చక్రాలకే ఎక్కువ బ్రేకు కావాలి. అందుకని చాలా పికప్పులలో లోడ్ సెన్సింగు వాల్వు అనేది పెడతారు. బరువు వేస్తే కమాను వంగి బాడీ కిందికి దిగుతుంది. ఆ దిగుడును కడ్డీ వాల్వుకు తెలియజేస్తుంది. వాల్వు వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. అంటే బండికి తన బరువు తెలిసేది కమాను వంపును బట్టే. పట్టీలు ఎక్కువ వేస్తే కమాను వంగదు. బాడీ దిగదు. 110 పెట్టెలు ఎక్కించినా వాల్వు మాత్రం, బండి ఇంచుమించు ఖాళీగానే వున్నదనుకుంటుంది. వెనుక బ్రేకులకు రావలసిన బలం రాదు, భారమంతా ముందు బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి.

మా బండిలో ఆ కడ్డీ ఇనుప తీగతో పైకి లాగి కట్టివున్నది! కట్ట నడిమి బోల్టు కూడ వుండవలసినదానికంటె పొడుగు. మేస్త్రీ ఊహ ఇది: మనకు ముందు వాడినవారు పట్టీలు ఎక్కువ వేయించారు, వెనుక బ్రేకులు పట్టటంలేదని, వాల్వు ఎప్పుడూ పూర్తిగా తెరిచివుండేటట్టు కడ్డీని కట్టేశారు, అమ్మేముందు పట్టీలు తీయించారు గాని తీగను మరిచారు. ఖాళీ బండి వానలో మార్కెట్టు నుంచి తిరిగివస్తూ తోక తిప్పటం ఎందుకో ఆనాటికి మాకు బోధపడింది. అందరూ అంతవరకు టైర్లనే అనుమానించారు. టైర్లు కొత్తవి పడ్డా తోక తిరుగుతూనేవుండేది. ఒక మార్పును కప్పిపుచ్చటానికి ఇంకొక మార్పు చేస్తే, ఆ రెండవది ఎక్కడ బయటపడుతుందో చేసినవాడికే తెలియదు.

"బండి మోస్తుంది స్వామీ, ఆపేదెవరు?" అన్నాడు మేస్త్రీ మా వాడితో.

ఆయన ఆ మాట అనటానికి కారణం మొగిలి ఘాటు. పలమనేరు దాటి చిత్తూరు వైపు దిగే ఆ ఘాటు మీదుగానే మన కాయ చెన్నపట్నానికి వెళ్ళేది. మా బండి సొంత బరువు సుమారు 1600 కిలోలు. 70 పెట్టెలతో మొత్తం 2790, 110తో 3470. ఇంచుమించు నాలుగో వంతు ఎక్కువ. దిగుడులో ఆ అదనపు బరువు తెచ్చే వేగాన్నంతా బ్రేకు డ్రమ్ములు వేడిగా మార్చుకోవాలి. వేగం రెట్టింపైతే ఆపటానికి మింగవలసిన శక్తి నాలుగు రెట్లు. లైనింగు కాగిపోతే పట్టు తగ్గుతుంది. బ్రేకు ద్రవం పాతదై తేమ పీల్చుకునివుంటే అది మరిగి, పెడలు నేలకు అంటుకుపోతుంది. రెండేండ్లకొకసారి బ్రేకు ద్రవం మార్చమనేది ఇందుకే. ఘాటు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేదీ ఇందుకే.

చట్టం సంగతి గుమాస్తా బుద్ధికి తోస్తుంది గనుక అదీ వ్రాస్తున్నాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడ దీనినే గట్టిగా చెప్పింది. ఆ యేడే చట్టాన్ని సవరించి, చట్టం అనుమతించని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు జైలు, లేక రెండూ అన్నారు. అధిక బరువుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2,000 అని వ్రాశారు. ఏదైనా జరిగితే బీమావారు ముందు చూసేది ఈ పట్టీలనే. ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండికి ఏటేటా ఎఫ్.సి. వున్నది గనుక పట్టీలు ఊడదియ్యటం, మళ్ళీ వెయ్యటం ఒక తంతుగా నడుస్తున్నది. మా బండికి ముందు జరిగినదీ అదే కాబోలు.

మేము చేసినది ఇంతే. జారిపోయిన పాత కమాను కట్టలు తీసి, అదే లెక్క పట్టీలున్న కొత్తవి వేయించాము. పొట్టి నడిమి బోల్టు, కొత్త యు బోల్టులు వేసి, బరువుతో ఒకసారి తిరిగివచ్చిన తరువాత మళ్ళీ బిగించాము. తీగ కోసేశాము. కడ్డీ కొలత సరిచూడటం మాత్రం ఇంటి పని కాదు. దానికి గేజి కావాలి గనుక వర్కుషాపుకు పంపాము. ఆ తరువాత పడిన మొదటి వానలో ఖాళీ బండి నేరుగా నిలిచింది.

నలభై పెట్టెల సంగతి మిగిలింది. కాయ ముమ్మరంగా కోసే రోజుల్లో పక్క తోటవారు, మేము కలిసి రెండు బండ్లు పంపుతున్నాము. వారి కాయ తక్కువ పడిన రోజు మా పెట్టెలు వారి బండిలో, మాది తక్కువైన రోజు వారివి మా బండిలో. బాడుగ పెట్టె లెక్కన నెలాఖరుకు తేల్చుకుంటాము. ఆ పద్దు మా అన్నగారి అమ్మాయి వ్రాస్తుంది. మా అన్న కొడుకు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఘాటులో తనను దాటిపోయిన బండిలో పెట్టెలెన్నో లెక్కపెట్టి వచ్చి చెబుతూనేవున్నాడు.