పైకి గట్టే.. లోన గుల్లే!

* ‘నాకేం, బాగానే ఉన్నా’ అన్న ధీమా ఎముకల దగ్గర చెల్లదు
* విరిగేదాకా నొప్పే తెలియదు

మనలి (చెన్నై): ‘నాకేమయ్యా.. గుండ్రాయిలా ఉన్నా!’ ఉత్తర చెన్నైలోని మనలిలో రిటైరైన కార్మికులను పలకరిస్తే తరచూ వినిపించే జవాబిది. 1969లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ వెనకే ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాక ఇక్కడివారికి షిఫ్టుల బతుకు అలవాటైంది. షుగరు, బీపీ లేకపోతే చాలు.. ఆరోగ్యం భేషుగ్గా ఉన్నట్లే లెక్క. కష్టం చేసిన ఒళ్లన్న ధీమా ఒకటి. ఈ లెక్కలోకి ఎముకలు మాత్రం రావు.

సొంత మాటకూ విలువుంది.. కానీ

ఎవరి ఆరోగ్యం గురించి వారు చెప్పే మాటను వైద్యులు కొట్టిపారేయరు. కెనడాలోని మనిటోబాలో వృద్ధులపై జరిపి 1982లో ప్రచురించిన అధ్యయనమే సాక్ష్యం. వైద్య రికార్డుల ప్రకారం ఒకేలా ఉన్నవారిలోనూ, ‘నా ఆరోగ్యం బాగోలేదు’ అన్నవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆయాసం, నీరసం, నొప్పి మనిషికి తెలుస్తాయి కాబట్టి ఆ మాటకు అంత బలం. ఎముక పలచబడితే నొప్పి ఉండదు, నీరసం ఉండదు. పైన పటారం, లోన లొటారం. స్నానాల గదిలో కాలు జారి తుంటి విరిగాక గానీ బయటపడదు. ఆ వయసులో తుంటి విరిగితే మళ్లీ సొంతంగా నడవలేనివారు ఎందరో.

దీనికి తిరకాసు కూడా ఉంది. మోకాళ్లు నొప్పి పుడితే ‘ఎముకలు అరిగిపోయాయి’ అని ఆడవాళ్లు బెంగపడతారు. అది చాలావరకు కీలు అరుగుదల. ఎముక గుల్లబారడం వేరే జబ్బు.

తిరుపతిలో తేలిందిదీ

తిరుపతి స్విమ్స్ వైద్యులు ఆరోగ్యంగా ఉన్న వెయ్యిమందికి పైగా పట్నం, పల్లె వాసులను పరీక్షించి 2007లో ఫలితాలు వెల్లడించారు. తిండిలో కాల్షియం చాలడం లేదు. ఎండకు కొదవలేని పల్లెల్లోనూ విటమిన్ డి లోపం కనిపించింది. పట్నంవారిలో అది మరీ ఎక్కువ. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే కార్మికులూ ఆలోచించాల్సిన సంగతే ఇది.

ఎవరికి పరీక్ష?

ఎముక సాంద్రతను కొలిచేది డెక్సా స్కాన్. టి-స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఉచిత శిబిరాల్లో మడమకు పెట్టి చూసే యంత్రం అంచనా మాత్రమే చెబుతుంది. 65 దాటిన మహిళలు, 70 దాటిన పురుషులు డెక్సా గురించి వైద్యుడిని అడగాలి. చిన్నపాటి పడడానికే ఎముక విరిగినవారు, 45 ఏళ్లలోపే నెలసరి నిలిచిపోయినవారు, చాన్నాళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు అంతవరకూ ఆగకూడదు. పొడుగు తగ్గినా, నడుం వంగినా ‘వయసు కదా’ అని వదిలేయొద్దు.

ఇవి మరవొద్దు

* పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలన్నది 2020లో జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. సంగటి, అంబలి మళ్లీ కంచంలోకి రావాలి. మొలకకట్టిన రాగులైతే ఇంకా మేలు. పాలు, పెరుగు సరేసరి.
* రోజూ నడక, కాస్త ఎండ తప్పనిసరి. పొగ, మందు మానాలి.
* మాత్రలు వైద్యుడు చెబితేనే వేసుకోవాలి.
* స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రిపూట లైటు ఉండాలి.

ఇంట్లో పెద్దాయన ‘బాగానే ఉన్నా’ అంటే సంతోషమే. అక్కడితో ఊరుకోకుండా ‘ఈమధ్య ఎక్కడైనా పడ్డావా నాయనా?’ అని ఇంకో మాట అడగండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.