తిరునాళ్ళ లెక్కల్లో కనిపించని పద్దు
ప్రమాదం జరిగితే కమిటీ పెద్దల పొలాల మీదికే. బీమా సంగతి ముందే చూసుకోవాలి

శివరాత్రి దగ్గర పడుతున్నదంటే పల్నాడులో ప్రభలు కట్టే ఊళ్ళన్నిటా సందడి మొదలవుతుంది. చందా పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. దీపాల వారికి, మైకుసెట్టు వారికి, ప్రభ ముందు ఆడే కళాకారులకు అడ్వాన్సులు ముడతాయి. కోటప్పకొండ తిరునాళ్ళకు ఈ ఏడు ఫలానా ఊరి ప్రభ రాలేదన్న మాట పడటానికి ఏ ఊరూ ఒప్పుకోదు. ఖర్చు లక్షల్లో వుంటుంది. కొబ్బరికాయల దగ్గర నుంచి జనరేటరు డీజిలు దాకా ప్రతి పద్దూ లెక్కల పుస్తకంలో వుంటుంది. లేనిది ఒక్కటే, బీమా పద్దు.

ప్రభ ఒక పక్కకు ఒరిగినా, దీపాల తీగ తెగి పడినా, నాటకం పందిరి గాలికి కూలినా దెబ్బ తగిలేది చూడవచ్చిన జనానికి. ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టాలి? చనిపోయిన మనిషి కుటుంబానికి ఎవరు ఇవ్వాలి? ఈ ప్రశ్న ప్రమాదం జరిగిన మర్నాడు కాక, చందా పుస్తకం తెరిచిన రోజునే వేసుకోవాలి.

బాధ్యత ఎవరిది?

ఊరి ఉత్సవ కమిటీల్లో చాలా వాటికి రిజిస్ట్రేషను వుండదు. పదిమంది పెద్దలు కూర్చుని పని పంచుకుంటారు. పోలీసు అనుమతి దరఖాస్తు మీద ఇద్దరో ముగ్గురో సంతకాలు పెడతారు. రిజిస్టరు కాని కమిటీకి చట్టం దృష్టిలో సభ్యులకు వేరుగా ఉనికి లేదు. కనుక దావా పడితే నోటీసు వచ్చేది ఆ పెద్దల పేరు మీదనే. డిక్రీ అయితే జప్తుకు వచ్చేది వారి పొలం, వారి ఇల్లు. దేవుడి పని కోసం సంతకం పెట్టామన్న మాట అక్కడ అక్కరకు రాదు.

పందిరి వేసిన కంట్రాక్టరుదే తప్పు, మాకేమిటి సంబంధం అని చాలామంది అనుకుంటారు. మీరట్ కేసు చూస్తే ఆ ధీమా పోతుంది. 2006 ఏప్రిల్ 10న ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ విక్టోరియా పార్కులో వినియోగ వస్తువుల ప్రదర్శన జరుగుతుండగా పందిళ్ళకు నిప్పంటుకుని 65 మంది చనిపోయారు. పందిళ్ళు, కరెంటు పని కంట్రాక్టరుకు అప్పగించామని నిర్వాహకులు వాదించారు. సుప్రీంకోర్టు 2022లో ఆ వాదనను తోసిపుచ్చింది. పరిహారంలో 60 పాళ్ళు నిర్వాహకులు, 40 పాళ్ళు రాష్ట్ర ప్రభుత్వం భరించాలని తేల్చింది. అంటే పని కంట్రాక్టరుకు ఇచ్చినంత మాత్రాన బాధ్యత కూడా అతనితో పోదు. ప్రమాదానికీ ఆ తీర్పుకూ మధ్య 16 ఏళ్ళు గడిచాయన్నది కూడా గమనించాలి.

మన దగ్గరా ఇటువంటివి జరుగుతూనే వున్నాయి. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు వానకు గోడ కూలి క్యూలో నిలబడ్డ భక్తులు ఏడుగురు మరణించారు. అదే ఏడు ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. రథమైనా ప్రభ అయినా తీగలకింద నడిచేదే.

బీమాలో రకాలు

ఉత్సవాలకు, సభలకు, సంగీత కచేరీలకు బీమా వున్నదన్న సంగతే చాలామందికి తెలియదు. ప్రభుత్వ రంగంలోని నాలుగు సాధారణ బీమా కంపెనీలు, ప్రైవేటు కంపెనీలు కూడా ఇటువంటి పాలసీలు ఇస్తాయి. జీవిత బీమాకూ దీనికీ సంబంధం లేదు. ఇందులో ముఖ్యంగా నాలుగు భాగాలు వుంటాయి. అన్నీ కలిపి తీసుకోవచ్చు, కావలసిందే తీసుకోవచ్చు.

మొదటిది ప్రజల పట్ల బాధ్యత. చూడవచ్చిన వారికి గాయమైనా, ప్రాణం పోయినా, పక్కవారి ఆస్తి పాడైనా, నిర్వాహకులు చట్టప్రకారం చెల్లించవలసిన పరిహారాన్ని, కోర్టు ఖర్చులను పాలసీలో రాసిన మొత్తం వరకు కంపెనీ భరిస్తుంది. ఊరి కమిటీకి అన్నిటికన్నా అవసరమైనది ఇదే.

రెండవది పనిచేసే వారికి ప్రమాద బీమా. ప్రభ కట్టేవారు, స్తంభమెక్కి లైట్లు బిగించేవారు, వంటవారు, వాలంటీర్లు దీని కిందికి వస్తారు. వీరు చూడవచ్చిన జనం కాదు గనుక మొదటి పాలసీ వీరికి సాధారణంగా వర్తించదు. కూలికి పెట్టుకున్న మనిషికి పనిలో ప్రమాదం జరిగితే పని ఇచ్చినవారు పరిహారం ఇవ్వాలన్న సూత్రం మన దేశంలో 1923 నాటి చట్టంతోనే వచ్చింది.

మూడవది వస్తువులకు. స్టేజి, లైట్లు, మైకుసెట్టు, అద్దెకు తెచ్చిన జనరేటరు, దేవుడి నగలు, హుండీ నగదు మొదలైనవి. అద్దె సామాను కాలిపోతే అద్దె ఇచ్చినవాడు ధర అడుగుతాడని మరవరాదు.

నాలుగవది ఉత్సవం ఆగిపోతే జరిగే నష్టానికి. తుపాను వచ్చో, ప్రభుత్వం నిషేధించో కార్యక్రమం రద్దయితే తిరిగిరాని అడ్వాన్సులు, పెట్టిన ఖర్చు దీనికింద వస్తాయి. టిక్కెట్లు పెట్టి పెద్ద కార్యక్రమాలు చేసేవారికే ఇది ఎక్కువగా పనికివస్తుంది.

ఇవన్నీ ఎలా కలుస్తాయో బొంబాయిలో ఒక గణపతి మండలి తీసుకున్న పాలసీ చూస్తే తెలుస్తుంది. కింగ్స్ సర్కిల్ జి.ఎస్.బి. సేవా మండలి 2024 ఉత్సవాలకు 400 కోట్ల రూపాయల పైచిలుకు బీమా చేయించింది. ఆ లెక్క వినగానే దేవుడి బంగారానికే అనుకుంటాం. కాని అందులో 325 కోట్లు వాలంటీర్లు, పురోహితులు, వంటవారు మొదలైన పనివారి ప్రమాద బీమాకే. నగలకు 43 కోట్లు, ప్రజల పట్ల బాధ్యతకు 30 కోట్లు. మన ఊరికి అంత అక్కరలేదు. నగలకన్నా మనుషులకే ఎక్కువ చేయించారన్నది మాత్రం మనకూ పాఠమే.

వేటికి రాదు?

పాలసీ తీసుకున్నంత మాత్రాన అన్నిటికీ డబ్బు వస్తుందనుకోరాదు. అనుమతి లేకుండా చేసిన పనికి కంపెనీ చేతులెత్తేస్తుంది. 2016 ఏప్రిల్ 10న కేరళలోని పుట్టింగల్ దేవాలయంలో బాణసంచా పేలి వందమందికి పైగా చనిపోయారు. అక్కడ బాణసంచా పోటీకి జిల్లా అధికారులు అనుమతి నిరాకరించారు. అటువంటి చోట ఏ పాలసీ వున్నా క్లెయిము నిలవడం కష్టం.

దరఖాస్తులో చెప్పని బాణసంచా, కావాలని చేసిన తప్పు, తాగి చేసిన పని వల్ల పాలసీదారుకు తగిలిన దెబ్బ, వీటికి సాధారణంగా రాదు. జనం తక్కువ వచ్చి చందాలు తగ్గితే అది బీమాలోకి రాదు. నటుడు రాకపోతే వచ్చే నష్టానికి ప్రత్యేకంగా రాయించుకుంటేనే వస్తుంది. బండలాగుడు పోటీలు పెట్టేవారు మరో సంగతి గమనించాలి. గిత్తలు బెదిరి జనంమీద పడితే ఒక లెక్క, తోలేవారికి దెబ్బ తగిలితే ఇంకో లెక్క. పోటీలో పాల్గొనేవారు పాలసీలోకి వస్తారా, రారా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

కొందరు 1991 నాటి ప్రజాబాధ్యత బీమా చట్టం వున్నది గదా, దానికింద అందరికీ వస్తుందని చెబుతుంటారు. అది పొరపాటు. భోపాల్ గ్యాసు ప్రమాదం తరువాత వచ్చిన ఆ చట్టం ప్రమాదకర పదార్థాలతో వ్యవహరించే సంస్థలకు ఉద్దేశించినది. తిరునాళ్ళకు అది వర్తించదు.

ట్రాక్టరు ఎక్కేముందు

తిరునాళ్ళకు సగం జనం ట్రాక్టరు ట్రాలీల్లోనే వెళతారు. వ్యవసాయం పనికని బీమా చేసిన ట్రాక్టరు తొట్టిలో కూర్చున్నవారికి ఆ పాలసీ రక్షణ లేదు. ఒకవేళ బాధితులకు ముందు కంపెనీ చెల్లించినా, ఆ సొమ్ము యజమాని నుంచి రాబట్టుకోవచ్చని కోర్టులు అనేక కేసుల్లో చెప్పాయి. ఇరుగుపొరుగును దేవుడి దగ్గరకు తీసుకువెళ్ళిన రైతు ఆ పుణ్యానికి భూమి అమ్ముకోవలసిన స్థితి వస్తుంది. ప్రభ లాగటానికి పెట్టిన ట్రాక్టరు సంగతి కూడా బీమా ఆఫీసులో ముందే చెప్పి, పాలసీలో ఏమున్నదో చూసుకోవడం మంచిది.

ఎలా తీసుకోవాలి?

ఉత్సవానికి కనీసం రెండు మూడు వారాల ముందు పట్టణంలోని బీమా కంపెనీ శాఖకు వెళ్ళాలి. రెండు మూడు కంపెనీల రేట్లు అడగాలి. ఎన్ని రోజులు, ఎంత జనం, ప్రభ ఎత్తు ఎంత, పందిరి ఎంత పెద్దది, జనరేటరు ఎక్కడ, బాణసంచా వున్నదా అన్నవి అడుగుతారు. వున్నది వున్నట్లు చెప్పాలి. ప్రీమియం తగ్గుతుందని పదివేల జనాన్ని రెండువేలని రాస్తే, ఆ రాతే తరువాత మెడకు చుట్టుకుంటుంది. పోలీసు, అగ్నిమాపక, విద్యుత్ శాఖల అనుమతి పత్రాల నకళ్ళు జతచేయాలి.

పాలసీ చేతికి రాగానే మూడు సంగతులు చూడాలి. ఒక ప్రమాదానికి గరిష్ఠంగా ఎంత ఇస్తారు, అన్నీ కలిపి ఎంత ఇస్తారు అన్నది మొదటిది. ప్రతి క్లెయిములో మన వాటాగా ఎంత మినహాయిస్తారన్నది రెండవది. ప్రభ కట్టడం మొదలుపెట్టిన రోజునుంచి విప్పి సామాను దింపే రోజు దాకా తేదీలు పడ్డాయా అన్నది మూడవది. ఒక్క తిరునాళ్ళ రోజుకే రాయించుకుంటే కట్టేటప్పుడు, విప్పేటప్పుడు జరిగే ప్రమాదాలు బయటే వుండిపోతాయి.

డబ్బు తరువాత ఇస్తామంటే కుదరదు. 1938 నాటి బీమా చట్టం 64-వి.బి. సెక్షను ప్రకారం ప్రీమియం ముందుగా అందితేనే కంపెనీ బాధ్యత మొదలవుతుంది. ఏజెంటు మాట మీద వుండిపోక రసీదు తీసుకోవాలి.

పెద్ద పాలసీకి స్తోమత లేని ఊళ్ళు కూడా ఒక పని చేయవచ్చు. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుంచి 70 ఏళ్ళ లోపు వారు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, పూర్తిగా అంగవైకల్యం కలిగినా 2 లక్షల రూపాయలు వస్తాయి. పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష రూపాయలు. ప్రభ కట్టే ప్రతి మనిషినీ ఇందులో చేర్పించడం కమిటీకి భారం కాదు. అయితే ఇది ఆ మనిషి కుటుంబానికి అందే సాయమే. కమిటీ మీద పడే దావాను ఇది ఆపదు.

ప్రమాదం జరిగితే

ముందు గాయపడిన వారిని ఆస్పత్రికి చేర్చాలి. పోలీసులకు, బీమా కంపెనీకి అదే రోజు తెలియజేయాలి. కూలిన పందిరిని సర్వేయరు చూసేదాకా వీలైనంతవరకు కదపరాదు. తప్పనిసరి అయితే ఫొటోలు తీసి పెట్టాలి. కంపెనీకి చెప్పకుండా ఇంత ఇస్తామని ఎవరికీ కాగితం రాసివ్వరాదు. ఆస్పత్రి బిల్లులు, ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం నివేదిక భద్రపరచాలి.

కంపెనీ అన్యాయంగా నిరాకరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. బీమా నియంత్రణ సంస్థ 155255 నంబరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళాలంటే రెండేళ్ళ లోపు వెళ్ళాలి.

బీమా వున్నదని జాగ్రత్త మానరాదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో బడి వార్షికోత్సవం పందిరి అంటుకుని నాలుగు వందల మందికి పైగా, అందులో ఎక్కువమంది పిల్లలు, చనిపోయారు. ఏ పాలసీ ఆ పిల్లలను తిరిగి తెస్తుంది? పందిరికి రెండు మూడు దారులు వదలడం, ప్రభ వచ్చే దారిలో కరెంటు ఆపించి లైన్‌మన్‌ను వెంట వుంచుకోవడం, జనరేటరును జనానికి దూరంగా పెట్టడం కమిటీ చేతిలోని పనులు. అవి చేసిన తరువాత కూడా జరగరానిది జరిగితే ఆదుకునేది బీమా. ఈ ఏడు లెక్కల పుస్తకం తెరిచినప్పుడు మైకుసెట్టు పద్దుకు ముందు ఆ పద్దు రాసుకుంటే, దరఖాస్తు మీద సంతకం పెట్టిన పెద్దమనిషి ఆ రాత్రి నిశ్చింతగా ప్రభ వెనుక నడవగలుగుతాడు.